వెనక అట్ట

విప్పిన స్క్రూలు కొబ్బరి చిప్పలో వేయాలి. మా మావయ్య రేడియో షాపులో నేను నేర్చుకున్న మొదటి పాఠం అది. సెట్టుకో చిప్ప. బల్ల మీద ఏడెనిమిది చిప్పలు వరసగా ఉండేవి. ఒక్కోదాంట్లో నాలుగైదు స్క్రూలు, ఓ బోల్టు, ఎప్పుడైనా ఒక విరిగిన డయల్ ముల్లు. "సెట్టు బాగుచెయ్యలేకపోతే తప్పులేదురా అబ్బాయ్, వచ్చినట్టు మూసి పంపలేకపోతేనే తప్పు" అనేవాడు. ఒక్క స్క్రూ పోగొట్టినా ఆ రోజు నాకు సోడా ఉండేది కాదు.

అది 1979 ఎండాకాలం. నాకు పదకొండేళ్లు. తెనాలిలో గాంధీచౌక్ దగ్గర ఒక సందులో ఆ షాపు. షాపు అంటే పెద్ద మాట, నాలుగు బారల గది. ఒక పక్క గోడకి మర్ఫీలు, బుష్‌లు, ఫిలిప్స్‌లు, నేషనల్ ఎకోలు. కొన్ని బాగుపడ్డవి, కొన్ని పడాల్సినవి, కొన్ని ఇక పడవని తెలిసినా యజమానికి చెప్పలేక అట్టే పెట్టుకున్నవి. సోల్డరింగ్ ఐరన్ తగలగానే రాళ పొగ లేచేది. ఆ వాసనా, వేడెక్కిన బేకలైట్ వాసనా, దుమ్ము వాసనా కలిసి ఒకటయ్యేవి. ఇప్పటికీ ఎక్కడైనా ఆ వాసన తగిలితే నాకు ముందు గుర్తొచ్చేది సోడానే.

వాల్వు రేడియోకి వెనక ఒక అట్ట ఉండేది. వేడి పోవడానికి నిండా చిల్లులు. నాలుగు స్క్రూలు తిప్పితే ఊడొచ్చేది. సెట్టు ఆన్ చేస్తే లోపల వాల్వులు ఒక్కొక్కటే కుంకుమ రంగులోకి వచ్చేవి. నాకు దీపాలు పెట్టినట్టుండేది. మావయ్య మాత్రం వాటిని చూసేవాడు కాదు. అట్టని తిరగేసి దాని లోపలి వైపు చూసేవాడు. అక్కడ ఒక కాగితం అతికించి ఉండేది. దాని మీద ఆ రేడియో సర్క్యూట్ మొత్తం గీసి ఉండేది. ఏ రెసిస్టెన్స్ విలువ ఎంత, ఏ కండెన్సర్ ఎక్కడుంది, ఏ వాల్వు కాలికి ఎన్ని వోల్టులు రావాలి, అన్నీ. ఏ ఊళ్లో ఏ మెకానిక్ చేతికి చిక్కుతుందో తెలియని తమ సెట్టు గుట్టుమట్లన్నీ కంపెనీవాళ్లే అచ్చు వేసి అందులో అతికించి పంపేవాళ్లు. అన్ని సెట్లలోనూ ఉండేదని చెప్పను. లేని కంపెనీవి సర్క్యూట్ పుస్తకాల్లో దొరికేవి.

ఆ అట్ట బయటి వైపు ప్రమాదం అనే హెచ్చరిక కూడా ఉండేది. ఉత్తుత్తి హెచ్చరిక కాదు. వాల్వు సెట్టులో రెండొందలు, రెండొందల యాభై వోల్టులు ఉండేవి. ప్లగ్గు పీకినా పెద్ద కండెన్సర్‌లో కాసేపు కరెంటు నిలవుండేది. అందుకే మావయ్య ఎడమ చెయ్యి వెనక్కి కట్టుకుని కుడి చేత్తోనే పనిచేసేవాడు. రెండు చేతులూ లోపల పెడితే షాకు గుండె మీదుగా పోతుందని. నాకు మీసాలొచ్చేదాకా వాల్వు సెట్టు ముట్టుకోనివ్వలేదు. ట్రాన్సిస్టర్ సెట్లయితే నాలుగు సెల్లులే కదా, వాటితో ఏమైనా చేసుకోమనేవాడు.

షాపు ముందు ఒక బెంచీ. రేడియో తెచ్చినవాళ్లు అక్కడ కూర్చుని రిపేరు అయ్యేదాకా చూసేవాళ్లు. సెట్టు ఇచ్చి రసీదు తీసుకుని వెళ్లిపోవడం అప్పట్లో లేదు. ఒక ముసలామె ప్రతి రెండు నెలలకీ తన ట్రాన్సిస్టర్ ఒళ్లో పెట్టుకుని వచ్చేది. విజయవాడ కేంద్రం పలకకపోతే ఆవిడకి పొద్దు గడవదు. "గరగరమంటంది బాబూ, నా గొంతు లాగే" అనేది. మావయ్య వెనక మూత తీసి, వాల్యూమ్ కంట్రోల్‌లో సీటీసీ రెండు చుక్కలు వేసి, అటూ ఇటూ పది సార్లు తిప్పేవాడు. సీటీసీ అంటే కార్బన్ టెట్రాక్లోరైడ్. చిన్న గోధుమరంగు సీసాలో ఉండేది. మూడోసారికో నాలుగోసారికో ఆవిడే చెప్పడం మొదలెట్టింది: "ఆ గుండ్రంటిదాంట్లో రెండు చుక్కలెయ్యి బాబూ." చదువు రాని మనిషి. చూసి చూసి నేర్చుకుంది. ఏదైనా పార్టు మారిస్తే మావయ్య పాతదాన్ని కాగితంలో చుట్టి చేతిలో పెట్టేవాడు. ఎందుకని అడిగితే "వాళ్లదే కదరా" అనేవాడు.

రేడియోకి ఆ రోజుల్లో లైసెన్సు ఉండేది. నవ్వులాట కాదు. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం కింద, ఏటా పోస్టాఫీసులో డబ్బు కట్టి చిన్న పుస్తకంలో స్టాంపు అతికించుకోవాలి. లైసెన్సు లేని సెట్టుంటే తనిఖీవాళ్లు వస్తారని భయం. 80ల మధ్యకొచ్చేసరికి అది పూర్తిగా పోయింది. ఇప్పుడు తలుచుకుంటే వింతగా ఉంటుంది. అప్పుడు రేడియో వినడానికి సర్కారు అనుమతి కావాలి, విప్పడానికి ఎవడి అనుమతీ అక్కర్లేదు. ఇప్పుడు ఏం వినాలన్నా అడిగేవాడు లేడు, విప్పాలంటేనే అనుమతి కావాలి. లైసెన్సు పోలేదు, పోస్టాఫీసు నుంచి ఫోన్‌లోకి మారింది. కొత్త ఫోన్ ఆన్ చేయగానే పేజీలకు పేజీలు వచ్చి కింద 'అంగీకరిస్తున్నాను' అని ఉంటుంది చూడండి, అదే.

పదిహేనేళ్లకి నేను సొంతంగా రేడియో కట్టాను. సర్క్యూట్ ఎలక్ట్రానిక్స్ ఫర్ యూ పత్రికలోది. మావయ్య పాత సంచికల కట్టలో దొరికింది. ట్రాన్సిస్టర్లు భారత్ ఎలక్ట్రానిక్స్ వాళ్లవి, ఏసీ 128లు, బీఎఫ్ 194లు. మద్రాసు రిచీ స్ట్రీట్ నుంచి మావయ్య తెచ్చిన సామాన్లో మిగిలినవి. మొదట అది రేడియో పలకలేదు, ఈల వేసింది. రెండు రోజులు ఈల వేసింది. మూడో రోజు మావయ్య వచ్చి ఐఎఫ్‌టీ అనే చిన్న కాయిల్‌ని పావు చుట్టు తిప్పాడు. విజయవాడ పలికింది. 1983లో కపిల్‌దేవ్ జట్టు లార్డ్స్‌లో ఫైనల్ ఆడిన రాత్రి ఆ బెంచీ మీద పన్నెండు మంది కూర్చున్నారు. పలికింది నా సెట్టు కాదు, ఒక పెద్ద మర్ఫీ. అయినా దాని బ్యాండ్ స్విచ్ తుడిచింది నేనే కదా అని ఆ గెలుపులో నాకూ కొంత వాటా ఉందనుకున్నాను.

తర్వాత కథ అందరికీ తెలిసిందే. టీవీ వచ్చింది, టేప్ రికార్డర్ వచ్చింది. మావయ్య వాటినీ నేర్చుకున్నాడు. చిప్పుల్లో చిప్పులు కలిసిపోయి ఒకే నల్ల పలక అయ్యాక బోర్డు బాగుచెయ్యడం పోయి బోర్డు మార్చడం వచ్చింది. 90ల చివర మావయ్య షాపు మూశాడు. కొబ్బరి చిప్పలు అత్తయ్య పొయ్యిలో పెట్టింది.

ఆ బెంచీ నాకు మళ్లీ 2001లో సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో దొరికింది. అక్కడి చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ని అందరూ సీటీసీ అంటారు. చిన్నప్పుడు సీసాలో ఉన్న సీటీసీ పెద్దయ్యాక నాకు అంతస్తుల భవనమైంది. కంప్యూటర్ కొనడమంటే అప్పట్లో ఒక రోజంతా పట్టే వ్యవహారం. ఒక షాపులో మదర్‌బోర్డు, ఇంకో షాపులో ర్యామ్, మూడో షాపులో హార్డ్ డిస్కు, ధర కోసం మళ్లీ మొదటి షాపు. అన్నీ తెచ్చి ఒక కుర్రాడి ముందు పోస్తే, మన కళ్ల ముందే బిగించేవాడు. స్టూలు వేసి కూర్చోమనేవాడు. పక్కన చిన్న ప్లాస్టిక్ డబ్బా మూతలో స్క్రూలు. నాకు ఆ కుర్రాడి కాళ్లు పట్టుకోవాలనిపించింది.

అలా బిగించడం కుదిరిందంటే దాని వెనక ఒక సంగతి ఉంది. 1981లో ఐబీఎం తన పీసీని అమ్మినప్పుడు దాని సాంకేతిక వివరాల పుస్తకం కూడా అమ్మింది. అందులో బోర్డు సర్క్యూట్ మొత్తం ఉంది, లోపలి బయాస్ ప్రోగ్రాము కూడా అచ్చు వేసి ఉంది. అంటే వెనక అట్ట మీద అతికించిన కాగితమే మళ్లీ. ఆ కాగితం వల్ల ప్రపంచమంతా ఐబీఎం లాంటి కంప్యూటర్లు తయారయ్యాయి. వాటి మనవలే సీటీసీలో మన ముందు బిగించినవి.

ఆ కుర్రాడు విండోస్ కూడా ఎక్కించి ఇచ్చాడు. దొంగ కాపీ. అప్పట్లో అందరిళ్లలోనూ అదే, దాచడమెందుకు. కానీ పీసీ క్వెస్ట్ పత్రికతో వచ్చే లినక్స్ సీడీ మాత్రం దొరబాబులా ఉండేది. కాపీ చేసుకో, పక్కవాడికివ్వు, లోపల రాసింది చదువు, మార్చు అని రాసి మరీ ఇచ్చేవాళ్లు. ఆ ఉత్సాహంలో మొదటిసారి హార్డ్ డిస్కు విభజించబోయి మా ఆవిడ దాచుకున్న పెళ్లి ఫొటోల స్కాన్లన్నీ తుడిచేశాను. అది నా తప్పే. లినక్స్ ముందే అడిగింది, నేనే సరే అన్నాను.

ఆ సీడీతోనే మొదటి తాళం కూడా చూశాను. అన్నీ పనిచేశాయి, మోడెమ్ తప్ప. దాన్ని విన్‌మోడెమ్ అంటారని తర్వాత తెలిసింది. ఖర్చు తగ్గించడానికి మోడెమ్‌లోని చిప్పులు కొన్ని తీసేసి, ఆ పనిని విండోస్‌లో నడిచే డ్రైవర్‌కి అప్పగించారు. ఆ డ్రైవర్ ఎలా పనిచేస్తుందో బయటికి చెప్పలేదు. మావయ్యకి ఫోన్ చేసి చెబితే "అట్ట విప్పితే కాగితం లేదంటావ్, అంతేగా" అన్నాడు. అంతే.

1980ల మొదట్లో అమెరికాలో ఎంఐటీ ప్రయోగశాలలో రిచర్డ్ స్టాల్‌మన్‌కి ఎదురైందీ ఇదే. జిరాక్స్ కంపెనీ ఇచ్చిన లేజర్ ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే అందరి కంప్యూటర్లకీ కబురు వెళ్లేలా చేద్దామనుకున్నాడు. ప్రోగ్రాము మూలరూపం ఇవ్వమంటే ఇవ్వలేదు. మూలరూపం అందరికీ తెరిచిపెట్టే సాఫ్ట్‌వేర్ కోసం 1983లో ఆయన గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ రాసిన లినక్స్ అనే కెర్నల్, అంటే వ్యవస్థకి గుండెకాయ లాంటి ప్రోగ్రాము, దానికి తోడైంది. ఇలాంటి సాఫ్ట్‌వేర్‌ని వాళ్లు ఫ్రీ అంటారు. ఇంగ్లిషులో ఆ ఒక్క మాటకే ఉచితమనీ స్వేచ్ఛ అనీ రెండర్థాలుండటంతో, తాము చెప్పేది డబ్బు గురించి కాదని వాళ్లు నలభై ఏళ్లుగా వివరిస్తూనే ఉన్నారు. మనకా ఇబ్బంది లేదు. గుళ్లో ప్రసాదం ఉచితం. గడప దాటి వెళ్లగలగడం స్వేచ్ఛ. హైదరాబాద్‌లో తెలుగు లినక్స్ తయారుచేసినవాళ్లు తమ సంస్థకి స్వేచ్ఛ అనే పేరు పెట్టుకున్నారు. ఒక్క మాటలో అంతా చెప్పేశారు.

తెలుగు అక్షరాల దగ్గరే నాకు ఈ గొడవంతా సొంత గొడవైంది. విండోస్ ఎక్స్‌పీలో తెలుగు చదవాలంటే కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్లి, సంక్లిష్ట లిపుల గడిలో టిక్కు పెట్టి, సీడీ వేసి, మళ్లీ బూట్ చేయాలి. ఇష్టముంటే పోతన ఫాంటు దించుకోవచ్చు. లేఖిని అనే వెబ్‌సైట్‌లో టైపు చేసుకోవచ్చు. కష్టమే, కానీ చేస్తే అయ్యేది. పాతికమందికైనా నేనే చేసిచ్చాను. ఆదివారం పూట ఎవరింటికో వెళ్లి టిక్కు పెట్టి, కాఫీ తాగి, వాళ్ల కళ్ల ముందు తెలుగు పత్రిక తెరిస్తే ఆ మొహాలు చూడాలి. మా వీధిలో నన్ను కొన్నాళ్లు తెలుగు మెకానిక్ అన్నారు. మావయ్యకి చెబితే మురిసిపోయాడు.

2011లో మొదటి స్మార్ట్‌ఫోన్ కొన్నాను. దాంట్లో తెలుగు పేజీ తెరిస్తే వరసగా ఖాళీ పెట్టెలు. అక్షరానికో పెట్టె. సరే, ఫాంటు వేద్దామనుకున్నాను. వేయనివ్వలేదు. ఫాంటులుండే ఫోల్డర్‌లోకి యజమానికి ప్రవేశం లేదు. ఆ ఫోన్ లోపల కెర్నల్ లినక్సే! ఊరందరికీ తలుపులు తీసిపెట్టిన లినక్సే, నా జేబులోకొచ్చేసరికి నన్నే గుమ్మం బయట నిలబెట్టింది. వేలకు వేలు పోసి కొన్న వస్తువులో నా 'అ' పెట్టుకునే చోటు నాకు లేదు.

అప్పట్లో తెలుగువాళ్లు ఒకరికొకరు చెప్పుకున్న చిట్కా ఒకటుంది. ఓపెరా మినీ బ్రౌజర్‌లో చిరునామా గడిలో 'ఓపెరా కోలన్ కాన్ఫిగ్' అని కొట్టి, చివరన ఉండే సంక్లిష్ట లిపుల ఎంపికను అవునని మార్చాలి. అప్పుడు అక్షరాలను వాళ్ల సర్వర్‌లో బొమ్మలుగా గీసి మన ఫోన్‌కి పంపేవాళ్లు. బొమ్మలైతేనేం, చదవగలిగాం. గడప లోపలికి రానివ్వని ఇంట్లో కిటికీలోంచి అన్నం అందుకున్నట్టుండేది.

చివరికి మావయ్య మనవడు పూనుకున్నాడు. ఇంజనీరింగ్ రెండో ఏడు. ఫోన్ లేవగానే మొదట నడిచే చిన్న ప్రోగ్రాము బూట్‌లోడర్. వచ్చే సాఫ్ట్‌వేర్ మీద కంపెనీ డిజిటల్ సంతకం ఉందా లేదా అని చూసే కావలివాడు. వీడు ఆ కావలివాణ్ని దాటి, ఎక్కడెక్కడి కుర్రాళ్లో కలిసి మార్చిన కొత్త వ్యవస్థ ఎక్కించాడు. ఒత్తులూ గుణింతాలూ సరిగా కలిసేది అందులోనే. అరగంట పాటు తెర నల్లగా ఉండిపోయింది. "పోయిందా?" అంటే "ఆగు, ఆగు" అన్నాడు. తర్వాత తెలుగు వచ్చింది. నాకు కపిల్‌దేవ్ రాత్రి గుర్తొచ్చింది.

ఆరు నెలలకి చార్జింగ్ పిన్ను వదులైంది. సర్వీస్ సెంటర్‌కి వెళితే అద్దం వెనక కూర్చున్న అమ్మాయి ఫోన్ లోపలికి పంపింది. మనం లోపలికి వెళ్లకూడదు. బెంచీ ఉంది కానీ అక్కణ్నుంచి కనిపించేది టోకెన్ నంబరే. కాసేపటికి వచ్చి, "మీరు సాఫ్ట్‌వేర్ మార్చారు సార్, వారంటీ రాదు" అంది. పిన్నుకీ ఫాంటుకీ ఏం సంబంధమమ్మా అంటే, సిస్టమ్ తీసుకోవట్లేదంది. ఆ పిల్లనేమనగలం.

ఆ తర్వాతి కాలం నుంచి కొన్ని ఫోన్ల చిప్పులో ఒక సూక్ష్మమైన ఫ్యూజు పెడుతున్నారు. తాళం తీసి వేరే సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే అది కాలిపోతుంది, మళ్లీ అతకదు. రేడియోలో ఫ్యూజు సెట్టుని కాపాడటానికి కాలేది, రాగి తీగ వేస్తే మళ్లీ పనిచేసేది. ఇది యజమాని మీద సాక్ష్యం చెప్పడానికి కాలుతుంది. ఈ మాట మావయ్యకి చెప్పే అవకాశం నాకు రాలేదు.

ఇలాంటివి అన్నిచోట్లా జరిగాయి. 1999లో వచ్చిన టీవో అనే వీడియో రికార్డర్‌లో లినక్స్ వాడి, మూలరూపం కూడా ఇచ్చారు. కానీ మార్చిన ప్రోగ్రాము మళ్లీ ఆ పెట్టెలో నడవకుండా సంతకం అడ్డం పెట్టారు. కాగితం ఇచ్చి స్క్రూడ్రైవర్ లాక్కున్నట్టు. ఆ కిటుకు కుదరకుండా చేసే షరతుతో 2007లో గ్నూ లైసెన్సుకి మూడో రూపం వచ్చింది. లినక్స్ కెర్నల్ మాత్రం రెండో రూపంలోనే ఉండిపోయింది. 2006లో సోనీ తన ప్లేస్టేషన్ 3లో లినక్స్ వేసుకోవచ్చని అమ్మింది. 2010 ఏప్రిల్ 1న ఒక అప్‌డేట్‌తో ఆ వీలు తీసేసింది, భద్రత కోసమంది. అమ్మేశాక ఇంట్లోకొచ్చి అట్టకి మేకులు కొట్టడమిది. రేడియో కాలంలో ఏ కంపెనీకీ ఇది ఊహకైనా వచ్చుండదు.

భద్రత అన్నమాట అబద్ధమని నేననను. ఫోన్లలో ఇప్పుడు బ్యాంకులున్నాయి. ఓటీపీ మోసాల్లో పెద్దవాళ్లు పోగొట్టుకున్న పింఛను సొమ్ము గురించి నాకూ తెలుసు. తాళం తీసిన ఫోన్‌లో చాలా బ్యాంకు యాప్‌లు నడవవు, దానికి వాళ్ల కారణం వాళ్లకుంది. కానీ రెండొందల యాభై వోల్టులు కూడా ప్రమాదమే. ఆ ప్రమాదానికి రేడియో కంపెనీలు చేసిందేమిటి? అట్ట బయట హెచ్చరిక రాశారు, లోపల సర్క్యూట్ కాగితం అతికించారు. విప్పేవాడు తెలిసి విప్పాలన్నారు. విప్పకూడదనలేదు. ఇప్పుడు హెచ్చరిక మిగిలింది, కాగితం పోయింది.

కొంచెం గాలి మళ్లుతోందంటున్నారు. మరమ్మతు హక్కు మీద 2022లో కేంద్ర వినియోగదారుల శాఖ ఒక కమిటీ వేసింది, ఆ డిసెంబరులోనే ఒక పోర్టల్ తెరిచింది. ఐరోపాలో 2027 ఫిబ్రవరి నుంచి ఫోన్ బ్యాటరీ వాడేవాడే మార్చుకునేలా ఉండాలని నియమం తెచ్చారు. మంచిదే. బ్యాటరీ విప్పనిచ్చాక బూట్‌లోడర్ గురించి ఎవరైనా అడుగుతారేమో.

పోయినేడు తెనాలి వెళ్లాను. మావయ్య షాపున్న గదిలో ఇప్పుడు ఫోన్ల షాపు ఉంది. ఒక కుర్రాడు చాలా ఒడుపుగా, గాలి బుడగ లేకుండా, ఫోన్ తెర మీద గాజు పలక అతికిస్తున్నాడు. చేతి నేర్పు మావయ్యదే. పని మాత్రం బయటి వైపే మిగిలింది.

మా ఇంట్లో ఆయన ఇచ్చిన మర్ఫీ ఉంది. నాకంటే పెద్దది. రెండేళ్ల క్రితం మూగబోతే, అట్ట విప్పి, కాగితం చూసి, ఒక కండెన్సర్ మార్చాను. పలుకుతోంది. బీరువా సొరుగులో మాత్రం మూడు ఫోన్లున్నాయి. మూడింటి తెరలూ బాగానే ఉన్నాయి. ఒకదానికీ అప్‌డేట్లు రావు, వేరేవి వేయడానికి తాళాలు రావు.

ఈసారి ఫోన్ కొనేటప్పుడు కెమెరా ఎంత, ర్యామ్ ఎంత అని అడిగాక, ఇంకో రెండు ప్రశ్నలు అడగండి: దీని బ్యాటరీ మార్చుకోవచ్చా? దీని బూట్‌లోడర్ తెరుచుకుంటుందా? షాపతనికి జవాబు తెలియకపోవచ్చు. పదిమంది అడిగితే అతను పైవాణ్ని అడుగుతాడు. ఆ ముసలామె అలాగే కదా, బెంచీ మీద కూర్చుని చూసి చూసి, చివరికి ఎక్కడ రెండు చుక్కలెయ్యాలో మావయ్యకే చెప్పింది.